పోదుం అంటే చాలు

మాధవరంలో అక్కావాళ్ళ మేడమీది గదిలో ఒక చిన్న ఫ్రిజ్ ఉంది. దాన్లో పాలు, కూరగాయలు ఉండవు. ఒక స్టీలు పీపా ఉంటుంది. దాని మూతకు రెండు గొట్టాలు, పక్కన మోకాలెత్తు గ్యాసు సిలిండరు, ఆ సిలిండరు మెడకు గుండ్రటి గేజీ. అక్క మనవడు కార్తీక్ ఆఫీసు లేని రోజుల్లో ఆ గదిలో అల్లం బీరు చేస్తాడు. అల్లం దంచి, పంచదార, నిమ్మరసం కలిపి, పెద్ద గాజు జాడీలో పులియబెట్టి, తేటను పీపాలోకి వంచి, దానికి గ్యాసు పట్టిస్తాడు. బావ పోయి, కర్మలన్నీ ముగిసి, వచ్చిన చుట్టాలు ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయాక, అక్క దగ్గర కొన్నాళ్ళు ఉందామని నేను వెళ్ళాను. వెళ్ళిన మర్నాడే వాడు నన్ను చెయ్యి పట్టుకుని మేడ మెట్లు ఎక్కించాడు. మోకాళ్ళను తిట్టుకుంటూ ఎక్కాను.

"చిన్నవ్వా, నువ్వే చూడు. నురగ మట్టుందా వస్తుండాది. గ్లాసంతా నురగే. తాతుంటే అడిగుందును," అన్నాడు. అరవదేశంలో పుట్టి పెరిగిన పిల్లాడు, వాడి తెలుగు అంతే, సగం తెలుగు, సగం అరవం. ఆ సగం తెలుగైనా మాతో మాట్లాడాలి కాబట్టి.

గేజీ ఎంతలో పెట్టావని అడిగాను. చెప్పాడు. గొట్టం చూస్తే మూరెడు కూడా లేదు. ఫ్రిజ్‌లో ఎప్పుడు పెట్టావంటే, ఇందాకే అన్నాడు. ఇంక అడగడానికేముంది? పీపా ఇంకా చల్లబడలేదు, గ్యాసు పట్టించే ప్రెషరు మీదే కుళాయి తిప్పుతున్నాడు, గొట్టమా పొట్టిది. నురగ రాక పాలు వస్తాయా? సిలిండరు కట్టెయ్యమన్నాను. పీపా మూత మీదున్న ఉంగరం పట్టుకుని కొంచెం పైకి లాగాను. బుస్సుమంది. ఈ మధ్య నా చెవులు వాకిట్లో బెల్లు కూడా పట్టించుకోవడం లేదు గాని, ఆ బుస ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ ఆగిందో మాత్రం చక్కగా విన్నాయి. "ఇంక దాన్ని ముట్టుకోబాక. సాయంత్రం దాకా చల్లబడనీ. గొట్టం పొడుగుది తెచ్చి పెట్టు. అప్పుడొచ్చి చూస్తా," అన్నాను. "తాతకు ఈ పని నేర్పింది నువ్వేనంట గదా?" అన్నాడు వాడు. అవును, నేనే. ఆ సంగతి చెప్పాలంటే సౌకార్‌పేట దాకా వెళ్ళాలి.

మా ఇల్లు సౌకార్‌పేటలో ఒక సందులో ఉండేది. వీధివైపు భాగం సోడా ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అంటే ఇప్పటివాళ్ళు ఏదేదో ఊహించుకుంటారు. ఒక పెద్ద గది, దాన్లో చేత్తో చక్రం తిప్పే గోలీసోడా యంత్రం, గోడవారగా గ్యాసు సిలిండర్లు, రంపపు పొట్టులో పడుకోబెట్టిన ఐసు దిమ్మలు, నేలంతా తడి. వెనక భాగం మా కాపురం. రెండింటికీ మధ్యన నడిమిల్లు. పక్కన ఎండుమిరపకాయల మండీ, అవతల పసుపు కొట్టు. మిరపకాయ బస్తాలు దించే రోజున వీధి వీధంతా తుమ్మేది, ఆ రోజు మా గోలీసోడాలకు ఒకటే గిరాకీ. పొద్దున కళ్ళు తెరవకముందే నాకు అల్లం వాసన వచ్చేది. అవ్వ, అంటే మా నాయన తల్లి, తెల్లవారకుండానే పెరట్లో రోటి ముందు కూర్చుని అల్లం దంచేది. తర్వాత పంచదార పాకం వాసన, నిమ్మతొక్కల వాసన, ఎండెక్కాక తడి గోనెసంచుల వాసన. ఈ వరసలోనే మా ఇంట్లో పొద్దు గడిచేది. గడియారం చూసే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నా తల దువ్వింది, జ్వరమొస్తే పక్కన పడుకుంది, పలక బలపం చేతికిచ్చి బడికి పంపింది అక్కే. నాకంటే ఏమంత పెద్దది కాదు, అయినా నాకు అమ్మ అంటే అక్కే. ఆమె పెళ్ళి ఊసు ఎత్తితే చాలు, నాకు అన్నం సహించేది కాదు. పెళ్ళయితే వెళ్ళిపోతుంది కదా. అందుకని నాయన ఇల్లరికం అల్లుణ్ణి తెస్తానన్నప్పుడు ఇంట్లో అందరికంటే సంతోషించింది నేను. మగపిల్లలు లేని ఇంటికి అల్లుడు కావాలి, ఫ్యాక్టరీకి మనిషి కావాలి, నాకు అక్క కావాలి. అన్నీ ఒకే పెళ్ళితో తీరిపోతాయనుకున్నాను.

ఇక ఆ పీపాల సంగతి. మా తాత బతికున్న రోజుల్లో మాది నిజం అల్లం బీరు. రాతి సీసాల్లో పులియబెట్టి దొరల బంగళాలకు పంపేవాళ్ళమట. మద్యనిషేధం వచ్చాక నాయన పులియబెట్టడం పూర్తిగా మానేశాడు. "పులిస్తే పోలీసు," అనేవాడు. అల్లం బీరుకు ఎక్కే నిషా ఎంత, దాన్ని పట్టుకునేదెవరు అని అవ్వ వాదించేది గాని నాయన వినలేదు. వీధి బోర్డు మీద 'అల్లం బీరు' అన్నచోట 'బీరు' మీద సున్నం కొట్టించి 'సోడా' అని రాయించాడు. వానాకాలం రాగానే సున్నం కరిగి 'బీరు' మళ్ళీ బయటపడేది, నాయన మళ్ళీ కొట్టించేవాడు. పేరు మార్చినంత తేలిగ్గా రుచి రాలేదు. పులియని అల్లం రసానికి ప్రాణం ఉండదు, వట్టి కషాయంలా ఉంటుంది. గోలీసోడా యంత్రంలో పెట్టి గ్యాసు ఎక్కిస్తే అవ్వ ఒక గుక్క తాగి, "ఇది తాగేదానికి కాదు, చెంపదెబ్బ కొట్టేదానికి," అని పక్కన పెట్టేసింది.

అప్పుడు నాయన, ఎక్కడో దొరల క్లబ్బు మూసేసి సామాన్లు వేలం వేస్తుంటే, రెండు పీపాలు తెచ్చాడు. దళసరి రేకు, లోపల కళాయి, ఒకే మూతలో గ్యాసు పోయే దారి, రసం వచ్చే దారి. వాటితో ఆయన నానా తంటాలూ పడి ఒక పద్ధతి కనిపెట్టాడు. వడగట్టిన రసం పోసి, పీపా చుట్టూ ఐసు, ఐసు మీద తడి గోనెలు. బాగా చల్లబడ్డాక గ్యాసు వదిలి, గోనెల మీద అటూ ఇటూ దొర్లించాలి. చల్లటి రసం గ్యాసును కడుపులో దాచుకుంటుంది, వేడెక్కిందా వెళ్ళగక్కుతుంది. ఇదంతా ఒక ఎత్తు, గ్లాసులోకి వంచడం ఇంకో ఎత్తు. పట్టించేటప్పుడు ఉన్న ప్రెషరు మీదే కుళాయి తిప్పితే నురగ తప్ప చుక్క రాదు. కాబట్టి సిలిండరు కట్టేసి, ఉంగరం లాగి, లోపలి కోపమంతా వదిలెయ్యాలి. ఆ తర్వాత, రసాన్ని గొట్టంలోకి నెట్టడానికి ఎంత కావాలో అంతే, మళ్ళీ ఇవ్వాలి. ఎక్కువైతే నురగ, తక్కువైతే తాగుతున్నంతలోనే చప్పబడిపోతుంది. సరిగ్గా కుదిరిందని తేల్చేది అవ్వ. ముక్కుపొడుం డబ్బీ పక్కన పెట్టి, వెండి గ్లాసుతో తాగి, కళ్ళు మూసుకుని కూర్చునేది. త్రేన్పు ముక్కులోంచి వస్తే ప్యాసు. నోట్లోంచి వస్తే ఫెయిలు.

పెద్దపరీక్ష రాసి ఇంట్లో కూర్చున్న దగ్గర్నుంచి సిలిండరు వాల్వు నా చేతికి వచ్చింది. నాయన కుళాయి దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడేవాడు, నేను వెనక సిలిండరు దగ్గర. చల్లదనానికి గేజీ అద్దం మసకబారి ముల్లు సరిగ్గా కనిపించేది కాదు. అందుకని మాకు మాటే ఆధారం. "కొంచం... ఇంకొంచం... పోదుం!" అనేవాడు నాయన. పోదుం అంటే చాలు. అరవ మాటే గాని అది అరవమని మాకు గుర్తే ఉండేది కాదు. అన్నం దగ్గర పోదుం, నీళ్ళు తోడేటప్పుడు పోదుం, అవ్వ నన్ను తిడుతుంటే అక్క అడ్డొచ్చి పోదుం. ఆ మాట నా చెవిన పడకముందే నా చెయ్యి ఆగిపోయేది. ఆ పని నాకంత బాగా వచ్చు. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు, సౌకార్‌పేటలో నా అంత బాగా పీపా పట్టగలిగినవాళ్ళు లేరు. పీపాలు ఉన్నది మా ఒక్కరి దగ్గరే అనుకోండి, అది వేరే సంగతి.

పెళ్ళయ్యాక బావ రాజమండ్రి నుంచి మా ఇంటికి వచ్చేశాడు. దూరపు చుట్టం. మేనమామ రైసుమిల్లులో పెరిగిన మనిషి, ఇంజన్ల పని క్షుణ్ణంగా తెలుసు. పొడుగ్గా, శుభ్రంగా, మాట మాటకూ 'అండీ' తగిలిస్తూ ఉండేవాడు. ఆయన వచ్చే ముందు రోజు అవ్వ మమ్మల్ని నడిమింట్లో కూర్చోబెట్టి, "గోదావరి పిలగాడి ముందర అరవం కలపబాకండి. ఇదేం తెలుగని నగుతారు వాళ్ళు," అని హెచ్చరించింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరం పరీక్ష రాస్తున్నట్టు మాట్లాడేవాళ్ళం. 'అప్పురం' అనబోయి 'తర్వాత' అనేది అక్క. నేను 'ఈడ' అనడం మానేసి 'ఇక్కడ' అనేదాన్ని. నాయనకు ఆ బాధ పడలేక మాట్లాడడమే తగ్గిపోయింది. పాపం బావ, మామగారు ముభావి అనుకున్నాడు. ఆయన వంతు మర్యాద ఆయనా చేశాడు. అన్నం దగ్గర చాలు అనడం కూడా మొహమాటమై, విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. అక్కతో మాత్రం ఒక మాట అన్నాడట. "కొన్నాళ్ళు చూస్తానండీ. నన్నొక మనిషిగా చూస్తే ఇక్కడే ఉందాం. లేదా మా ఊరు వెళ్దాం," అని. అక్క ఆ మాట నా చెవిలో వేసింది. వేసినప్పటి నుంచి నేను బావ ముఖం చూసి ఆయన మనసెలా ఉందో కనిపెట్టడమే పనిగా పెట్టుకున్నాను.

అంతలో బెల్లం మండీ శెట్టిగారింట్లో పెళ్ళి వచ్చింది. మగపెళ్ళివారు సాయంత్రం రైలుకు దిగుతారు, ఎదురుకోలులో పానకానికి బదులు మా అల్లం పోయించాలని శెట్టిగారి ముచ్చట. "పానకానికి బదులు గ్యాసా! పెళ్ళికొడుక్కి త్రేన్పులొస్తే ఎట్ట?" అని అవ్వ గింజుకుంది. నాయన మాత్రం పొంగిపోయాడు. ఈ పెళ్ళి బాగా జరిగితే ఫ్యాక్టరీ తాళాలు అల్లుడి చేతిలో పెడతానని మా అందరి ముందూ అన్నాడు. నేను కూడా పందిట్లోకి వస్తానంటే అవ్వ ఒప్పుకోలేదు. పెళ్ళి కావలసిన పిల్ల నలుగురిలో సిలిండరు పట్టుకుని నిలబడితే రేపు ఎవడు చేసుకుంటాడని. కాబట్టి వాల్వు దగ్గర నా చోట్లో బావ. ఏ వాల్వు ఎటు తిప్పాలో, గేజీ మీద నాయన పెట్టిన ఎర్ర లక్క చుక్క దాటకూడదనీ ముందురోజు నేనే చూపించాను. ఆయన ఒక్కసారికే పట్టేశాడు. పనిలో ఆయనకు వంక పెట్టడానికేమీ లేదు.

మగపెళ్ళివారు దిగే రోజు పొద్దున ఒక పీపా పందిట్లోకి వెళ్ళింది, రెండోది ఐసులో ఇంట్లోనే ఉంది. శెట్టిగారు, ఆయన అన్నదమ్ములు రుచి చూడడానికి వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు గాని, చూసిన వాళ్ళ దగ్గర ఎన్నోసార్లు విన్నాను. నాయన కుళాయి తిప్పాడు. సన్నగా వచ్చింది. "కొంచం," అన్నాడు. బావ కొంచెం ఇచ్చాడు. గ్లాసులో నురగ లేచింది. "పోదుం," అన్నాడు నాయన. బావ ఇంకాస్త తిప్పాడు. నురగ పొంగి చేతిమీద పడింది. "పోదుం, పోదుం!" అన్నాడు నాయన. బావ ఇంకా తిప్పాడు. నాయనకు పరీక్ష తెలుగు ఎగిరిపోయి, గొంతు చించుకుని, "పోదుం! పోదుం! పోదుం!" అని అరిచాడు. బావ రెండు చేతులతో పట్టుకుని వాల్వు పూర్తిగా తిప్పేశాడు. గొట్టం ఊడి పైకి లేచి, అక్కడున్న పెద్దమనుషులందరినీ తడిపింది. శెట్టిగారి తమ్ముడి పట్టు లాల్చీ, పందిరికి కట్టిన మల్లెదండలు, అద్దెకు తెచ్చిన తివాచీ, ఏదీ మిగల్లేదు. పీపా ఖాళీ అయిందాకా ఎవరూ దగ్గరికి పోలేకపోయారట.

ఇద్దరూ విడివిడిగా ఇంటికొచ్చారు. బావ నిలువునా తడిసి, పాకం అంటుకుని, తిన్నగా గదిలోకి వెళ్ళి ట్రంకుపెట్టె తీశాడు. నాయన వీధి అరుగు మీద కూర్చుని లోపలికి రాలేదు. అవ్వ అడిగితే, "వాడికి నేనంటే లెక్కలేదమ్మా. నేను ఆపమంటా ఉంటే నా కళ్ళలోకి చూస్తా తిప్పినాడు. నలుగురిలో నన్ను ఇట్ట చెయ్యాలనే చేసినాడు," అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ వినిపించింది. అక్క గది గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. నేను నడిమింట్లో సీసాలు కడుగుతున్నదాన్ని కడుగుతున్నట్టే ఉండిపోయాను. బావ వెళితే అక్క వెళుతుంది. అక్క వెళ్ళాక ఆ ఇంట్లో నాకు ఎవరున్నారు?

లోపల బావ అక్కతో అంటున్నాడు. "వెళ్దామండీ. ఇంక ఇక్కడ ఒక్క పూట కూడా వద్దు. ముల్లు ఎర్ర చుక్క దాటింది, అద్దం తుడుచుకుని చూస్తూనే ఉన్నాను. కానీ మావయ్యగారు చెబుతుంటే ముల్లు మాట వింటానా? మా మిల్లులో బస్తా ఎత్తేటప్పుడు పోదాం పోదాం అంటారు చూడండి, అలా అరిచారు. నేను తిప్పానండీ. తిప్పమన్నదీ ఆయనే, తిట్టిందీ ఆయనేనా?"

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. సీసా చేతిలోంచి జారింది. నేను నవ్వడం మొదలుపెట్టాను. ఎంత నవ్వానంటే, అవ్వ పరుగెత్తుకొచ్చి నాకు దయ్యం పట్టిందేమోనని మొహాన నీళ్ళు కొట్టింది. "నాయనా, ఆడ ఏమని అరిచినావు?" అని వీధిలోకి కేకేశాను. "పోదుమని. ఇంకేమంటారు?" అన్నాడు అరుగు మీంచి. "బావా, మీరేమని విన్నారు?" అన్నాను ఇటు తిరిగి. "పోదాం అని," అన్నాడు లోపలి నుంచి. నడిమింట్లో నిలబడి, ఇటు తెలుగును అటు తెలుగుకు తిప్పి చెప్పాను. పోదుం అంటే చాలు బావా, మా ఇంట్లో. పోదాం అంటే పదమని నాయనా, వాళ్ళ ఊళ్ళో. ఆయన ఆపమన్నాడు, ఈయన కానిమ్మన్నాడనుకున్నాడు. ఎవరూ ఎవర్నీ అవమానించలేదు.

ఆ తర్వాత అవ్వ నోట్లోంచి కిచకిచమని ఒక శబ్దం వచ్చింది, పొడుం పీల్చినప్పుడు తుమ్ము రాబోయినట్టు. ఆమె నవ్వుతోందని తెలియడానికి మాకు కొంచెం సమయం పట్టింది. "అరవం కలపబాకండంటే ఇంట్లో మానుకున్నారు, పందిట్లో బయటపెట్టినారు," అంది. నాయన లేచి లోపలికొచ్చాడు. క్షమించమనీ, పొరపాటైందనీ అనే అలవాటు ఆయనకు లేదు. ట్రంకుపెట్టె పక్కన నిలబడి, పైన మడిచిపెట్టిన చొక్కా తీసి బావ చేతికిచ్చాడు. "అబ్బాయా, ఆ తడిగుడ్డలు మార్చుకో. రెండో పీపా మీద గోనెలు ఆరిపోతుండాయి. నీళ్ళు చల్లాల," అన్నాడు. బావ ఆ చొక్కా వేసుకున్నాడు.

సాయంత్రం పందిట్లోకి నేను కూడా వెళ్ళాను. ఎవడు చేసుకుంటాడో వాడే చేసుకుంటాడని నాయన అవ్వ నోరు మూయించాడు. శెట్టిగారు రెండో పీపాను చూసి పది అడుగులు వెనక్కి జరిగాడు. ఐసు కొత్తది వేశాం. నేను ఉంగరం లాగి, చెవి ఆనించి, బుస సన్నబడిందాకా విన్నాను. వెంటనే గ్యాసు ఇవ్వనివ్వలేదు, కాసేపు ఊరికే ఉంచాను. బాజాలు సందు మొదట్లోకి వచ్చేశాయి, శెట్టిగారు తొందరపెడుతున్నాడు, నేను కదల్లేదు. గొట్టం పొడుగుదైతే నురగ సర్దుకుంటుందని బావ అప్పటికే ఇంకో గొట్టం తెచ్చి రాగితీగతో బిగించాడు. నేను చెయ్యి ఊపాక వాల్వు దగ్గర ఆయన, కుళాయి దగ్గర నాయన నిలబడ్డారు. "కొంచం," అన్నాడు నాయన. మొదటి గ్లాసు నురగ పారబోశాం. "ఇంకొంచం." రెండో గ్లాసులో రసం తేటగా ఎక్కుతోంది, పైన వేలెడు నురగ. నేను నాయన పెదవుల వైపు చూస్తున్నాను. ఆయన నోరు 'పో' అనడానికి గుండ్రంగా తిరిగింది, ఆగింది. మళ్ళీ తెరుచుకుంది.

"చాలు!" అని అరిచాడు నాయన, పందిరంతా వినపడేటట్టు.

బావ అదే క్షణంలో వాల్వు కట్టేసి, ఎంతో మర్యాదగా, "పోదుమాండీ?" అన్నాడు.

ఆ పూట పెళ్ళికొడుకు రెండు గ్లాసులు తాగాడు. త్రేన్పు ముక్కులోంచే వచ్చిందని అవ్వకు ఎవరో చెప్పారు. ఆ తర్వాత మా నాయన బతికినంత కాలం యంత్రం దగ్గర 'చాలు' అనే అన్నాడు. పుట్టినప్పటి నుంచి ఉన్న మాటను అల్లుడి కోసం మార్చుకున్నాడు. బావ ఇటు తన వంతుగా, అన్నం దగ్గర చెయ్యి అడ్డం పెట్టడం మానేసి, 'పోదుం' అనడం నేర్చుకున్నాడు. "పోదామంటున్నాడు, ఇంకో గరిటె వెయ్యండి," అని అవ్వ ఆయన్ను ఏడిపించని రోజు లేదు. మా పరీక్ష తెలుగు కూడా ఆ రోజుతో అటకెక్కింది. నా పెళ్ళయి నేను అత్తగారింటికి వెళ్ళిందాకా అక్క ఆ ఇంట్లోనే, నా పక్కనే ఉంది.

ఆ రోజులే మంచివని నేననను. అప్పటి ఐసు ఏ నీళ్ళతో చేసేవాళ్ళో నాకు తెలుసు, ఇప్పుడైతే ముట్టను. కార్తీక్ పీపాను కడిగినంత శుభ్రంగా మేం గ్లాసులు కూడా కడగలేదు. తర్వాత్తర్వాత రంగు రంగుల సీసాల్లో పెద్ద కంపెనీల డ్రింకులు దిగాయి, మా గోలీసోడాను అడిగే నాథుడు లేకపోయాడు. ఫ్యాక్టరీ మూసేశాక బావ తిరువొత్తియూరులో ఒక కంపెనీ బాయిలరు గదిలో చేరి, రిటైరయ్యేదాకా గేజీ చూసుకుంటూ బతికాడు. సౌకార్‌పేటలో మా ఇంటి చోట ఇప్పుడు ప్లాస్టిక్ పూలమాలలు అమ్ముతున్నారు. ఆమధ్య అటు వెళ్ళినప్పుడు లోపలికి పోయి, సిలిండర్లు ఉండే గోడ ఎక్కడో గుర్తుపట్టాను. కానీ ఒక్క మాట. ఇప్పుడు కార్తీక్‌కు ఏ సందేహం వచ్చినా ఫోనును అడుగుతాడు, అది విసుక్కోకుండా చెబుతుంది. మేం ఒకరి గొంతు ఒకరు వినాల్సి వచ్చేది. వినడంలో తప్పులు చేశాం, ఆ తప్పులు దిద్దుకోవడంలోనే ఒకరికొకరం అయ్యాం. అది నాకు గొప్పగానే అనిపిస్తుంది.

సాయంత్రం కార్తీక్ కొత్త గొట్టం బిగించాక అక్కను కూడా మెల్లగా పైకి తీసుకొచ్చాం. పీపాకు చెవి ఆనించి, వాడి చేత గ్యాసు ఇప్పించాను. "కొంచం... కొంచం... పోదుం!" అన్నాను. వాడు టక్కున ఆపాడు. వాడికి ఆ మాటకు ఒకటే అర్థం తెలుసు. గ్లాసులోకి అల్లం బీరు తేటగా దిగింది. నేను మురిసిపోతూ అక్క వైపు తిరిగితే ఆమె కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"ఆ రోజు గంజి తాపిస్తా ఉండా," అంది. ఏ రోజో చెప్పనక్కర్లేదు, బావ పోయిన రోజు. "స్పూను పక్కకి నెట్టినాడు. పోదుం అన్నాడు. చాలన్నాడు గదా అని గిన్నె లోపల పెట్టొచ్చేదానికి పొయ్యినా. తిరిగొచ్చే లోపల లేడు." ఖాళీ గ్లాసును రెండు చేతుల మధ్య తిప్పింది. "పోదాం అన్నాడేమో మే. నన్ను రమ్మన్నాడేమో. నేను గిన్నె తీసుకుని వంటింట్లోకి పొయ్యినా."

కార్తీక్ చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. అక్క ఆ మాటను ఇన్నాళ్ళూ ఒక్కతే మోసింది. కానీ ఇటు తెలుగును అటు తెలుగుకు తిప్పి చెప్పడం ఒకప్పుడు నా పనే, ఆ పనిలో నేనెప్పుడూ తడబడలేదు. "చాలనే అన్నాడక్కా," అన్నాను గట్టిగా. "బావ ఏడకి బయల్దేరినా వెళ్దాం అనేవాడు. ఆ రోజు ట్రంకుపెట్టె సర్దినప్పుడు గూడా నీతో వెళ్దామండీ అనే అన్నాడు, నేను చెవులారా విన్నా. పోదాం అనేది ఆయన బస్తాలకు మాత్రమే. పోదుం అనేది అన్నం దగ్గర, నీ చేతి అన్నం దగ్గర నేర్చుకున్న మాట. కడుపు నిండినప్పుడు అనేవాడు. నిండింది, అన్నాడు. అంతే."

అక్క నా మొహంలోకి చాలాసేపు చూసింది. చిన్నప్పుడు నేను అబద్ధమాడుతున్నానేమోనని అలాగే చూసేది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, తన గ్లాసు చాపింది. కార్తీక్ వంగి పోశాడు. నురగ నెమ్మదిగా అంచు దాకా ఎక్కింది.

"పోదుం రా," అంది అక్క.

వాడు ఆపాడు. నేను మాత్రం, ఎందుకైనా మంచిదని, ఆమె రెండో చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.